దగ్గు శబ్దంతో క్షయ అనుమానితులను గుర్తించే పరికరం: రికార్డింగు నుంచి ఫలితం దాకా ఎలా చేయాలి

ఈ పనికి దిగే ముందు ఒక ఫలితం తెలుసుకోవాలి. బ్రిటన్‌లో 67,842 మంది దగ్గు, ఊపిరి, మాట రికార్డు చేశారు. వాళ్లలో 23,514 మందికి కోవిడ్ ఉన్నట్టు పరీక్షలో తేలింది. ఆ శబ్దాలతో నేర్పిన యంత్రానికి మొదట ఏయూసీ 0.846 వచ్చింది. ఈ కొలతలో 0.5 అంటే గుడ్డిగా చెప్పినట్టు, 1 అంటే ఒక్క తప్పూ లేనట్టు. తర్వాత వయసు, లింగం, లక్షణాలు ఒకేలా ఉన్నవాళ్లను జతలుగా పెట్టి చూస్తే అదే యంత్రం 0.619కి పడిపోయింది. అంటే అది పసిగట్టింది వైరస్‌ను కాదు, లక్షణాలున్న మనిషిని. నీకు దగ్గుందా, జ్వరముందా అని అడిగినా అంత సమాచారమూ వచ్చేది. ఈ ఫలితం 2024లో అచ్చయింది.

కాబట్టి ఇక్కడ మోడల్ (శబ్దాలనుంచి నేర్చుకునే ఆ కంప్యూటర్ ప్రోగ్రాము) గురించి తక్కువ, రికార్డింగు గురించీ మనుషుల ఎంపిక గురించీ ఎక్కువ చెబుతున్నాం. రోగుల ఫోన్లు వేరు, గది వేరు, చదువు వేరు అయితే యంత్రం ఆ తేడాలనే నేర్చుకుంటుంది. ఊపిరితిత్తుల జోలికే పోదు. ఉదాహరణకు ఏరియా ఆసుపత్రి ఓపీలో దగ్గుతో వచ్చే పెద్దవాళ్లలో క్షయ అనుమానితులను ఏరే పనిని తీసుకుందాం. ఒక వైద్య కళాశాల, ఒక ఇంజినీరింగ్ కళాశాల కలిస్తే చేయగల పని ఇది. ఇలాంటి పని మన దగ్గర ఇప్పటికే మొదలైంది. హైదరాబాద్ సంస్థ సాల్సిట్ టెక్నాలజీస్ దగ్గును విశ్లేషించే ‘స్వాస’ను తయారుచేసింది. విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాల దాన్ని పరీక్షించడంలో పాలుపంచుకుంది.

శబ్దంలో ఏముంటుంది

దగ్గుకు మూడు అంచెలు. ముందు గాలి లోపలికి వెళుతుంది. ఆ తర్వాత స్వరతంత్రులు దాదాపు 0.2 సెకన్లు మూసుకుంటాయి, ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది. చివరికి అవి ఒక్కసారిగా తెరుచుకుని గాలి తన్నుకొస్తుంది. మనకు వినిపించేది ఈ మూడో అంచె. దానిలోనూ మొదట ఒక పేలుడు, తర్వాత గాలి సుడి చేసే చప్పుడు, కొందరిలో చివర గొంతు కలిసిన తోక ఉంటాయి. కఫం నిండితే మధ్య భాగం గరగరమంటుంది. పొడి దగ్గులో పేలుడు పదునుగా ఉంటుంది.

మాటలో వెతకాల్సింది వేరు. ఆయాసమున్న మనిషి ఒక ఊపిరికి తక్కువ మాటలు చెబుతాడు, మధ్యలో ఎక్కువసార్లు ఆగుతాడు, ‘ఆ’ అని ఎక్కువసేపు లాగలేడు. స్వరతంత్రులు వాస్తే గొంతు బొంగురుపోతుంది. దాన్ని జిట్టర్, షిమ్మర్ అనే కొలతల్లో చూస్తాం. మొదటిది స్వరస్థాయి ఒక కంపనానికీ తర్వాతి కంపనానికీ ఎంత తొణుకుతోందో, రెండోది శబ్దం ఎత్తు ఎంత తొణుకుతోందో చెబుతుంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైన ‘ప్రాట్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రెండింటినీ లెక్కిస్తుంది.

ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఐసీబీహెచ్‌ఐ 2017 అనే పేరుతో 126 మంది ఊపిరి శబ్దాల 920 రికార్డింగులు ఉచితంగా దొరుకుతాయి. విద్యార్థులు వాటితో మోడల్ చేసి ఫోన్‌లో పెట్టేస్తారు. అవి ఛాతీమీద స్టెతస్కోపో మైకో ఆనించి తీసిన శబ్దాలు. పిల్లికూతలు, చిటపటలు అక్కడ వినిపించినట్టు నోటి ముందు పెట్టిన ఫోన్‌లో వినిపించవు. ఫోన్ దగ్గులకు ఫోన్ దగ్గులే కావాలి. బెంగళూరు ఐఐఎస్‌సీ 2020లో మొదలుపెట్టిన ‘కోస్వర’లో 2,635 మంది ఊపిరి, దగ్గు, అచ్చులు, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కింపు ఉన్నాయి. మన ఫోన్లు, మన గొంతులు ఎలా ఉంటాయో తెలుసుకోవడానికి, కోడ్ సరిగా నడుస్తోందో లేదో చూసుకోవడానికి అది బాగా పనికొస్తుంది. కాకపోతే అది కోవిడ్ కోసం సేకరించింది. క్షయ గురించి అది మనకేమీ చెప్పదు.

ఎవర్ని తీసుకోవాలి

సగానికి సగం పనులు ఇక్కడే చెడతాయి. క్షయ రోగులను ఛాతీ వార్డునుంచీ, ఆరోగ్యవంతులను కాలేజీ క్యాంపస్‌నుంచీ తెస్తే ఏ మోడలైనా 95 శాతం దాకా సరిగా చెప్పినట్టు కనిపించొచ్చు. అది నిజానికి అరవై ఏళ్ల గొంతుకూ ఇరవై ఏళ్ల గొంతుకూ తేడా చెబుతోంది. అదే ఓపీకి, అదే దగ్గుతో వచ్చి, అదే పరీక్షలో క్షయ లేదని తేలినవాళ్లే మీ పోలిక మనుషులు. వాళ్లలో ఉబ్బసం, సీఓపీడీ (గాలి గొట్టాలు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు), మామూలు జలుబు, కడుపులో ఆమ్లం పైకి తన్నే జబ్బు, అన్నీ ఉంటాయి. ఉండాలి కూడా, ఎందుకంటే పరికరం రేపు పనిచేయాల్సింది వాళ్ల మధ్యనే.

ఎవరు రోగో, ఎవరు కాదో రికార్డింగు తీసేటప్పుడు ఎవరికీ తెలియకూడదు. ముందు శబ్దం తీసుకోండి. అదే రోజు తెమడ నమూనా, క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే ట్రూనాట్‌కో సీబీనాట్‌కో వెళ్లాలి, వీలైతే క్రిమిని పెంచి చూసే కల్చర్‌కూ పంపాలి. ఛాతీ ఎక్స్‌రే ఒక్కదాన్నే రుజువుగా తీసుకోవద్దు. మందులు మొదలైతే దగ్గు తీరు మారిపోతుంది కాబట్టి చికిత్స మొదలైనవాళ్లను కలపొద్దు. మీరు సీఓపీడీ మీద పనిచేస్తుంటే రుజువు వేరు. పీల్చే మందు ఇచ్చాక, ఊదే గాలిని కొలిచే స్పైరోమెట్రీలో ఎఫ్‌ఈవీ1ను (మొదటి సెకనులో ఊదిన గాలి) ఎఫ్‌వీసీతో (మొత్తం ఊదిన గాలి) భాగిస్తే 0.70 కన్నా తక్కువ రావాలి.

ఎంతమంది కావాలి? మీ ఓపీలో దగ్గుతో వచ్చినవాళ్లలో పది శాతానికి క్షయ తేలుతుందనుకుంటే, 100 మంది రోగులు దొరకడానికి 1,000 మందిని రికార్డు చేయాలి. 20 మంది రోగులతో ఆపేసి 18 మందిని పట్టామని, అంటే 90 శాతమని రాస్తే, ఆ అంకె వెనక అసలు విలువ 70 నుంచి 97 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 100 మందిలో 90 మందిని పడితే ఆ వెడల్పు 83 నుంచి 94కు తగ్గుతుంది.

ప్రశ్నాపత్రంలో వయసు, లింగం, ఎత్తు, బరువు, దగ్గు ఎన్ని రోజులుగా ఉంది, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, రక్తం పడటం తప్పనిసరి. బీడీ, సిగరెట్, చుట్ట విడివిడిగా అడగండి. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్లు నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగకు వేరే గడి పెట్టండి. పొగతాగరని రాసుకున్న మనిషి గొంతు పొగకు మాడిపోయి ఉంటే లెక్క తప్పుతుంది. కట్టెలపొయ్యి ఎన్నేళ్లు ఊదారో అడగండి. బీపీ మాత్రల పేర్లు కూడా రాయండి. ఎనలాప్రిల్, రామిప్రిల్ రకం మాత్రలతో కొందరికి నెలల తరబడి పొడిదగ్గు వస్తుంది.

సంస్థాగత నైతిక కమిటీ అనుమతి లేకుండా ఒక్క దగ్గు కూడా రికార్డు చేయొద్దు. గొంతు మనిషిని పట్టిస్తుంది. ఫైలుకు పేరు కాకుండా సంఖ్య పెట్టండి. ఆ సంఖ్యకూ పేరుకూ ముడి ఉన్న పుస్తకం ఆసుపత్రి బీరువాలోనే ఉండాలి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదవలేనివాళ్లకు సాక్షి ముందు చదివి వినిపించాలి. వద్దన్నవాళ్లకు వైద్యంలో ఏ తేడా ఉండదన్న మాట అందులో పెద్ద అక్షరాల్లో రాయండి.

ఫోను, గది

అందరికీ ఒకే మోడల్ ఫోను వాడండి. రెండు మోడళ్లు తప్పకపోతే రోజు మార్చి రోజు వాడండి. ఒకటి వార్డుకు, ఒకటి ఓపీకి అని పంచొద్దు. ఫైలు వేవ్ రూపంలో, 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో. ఇది నిమిషానికి 5.76 ఎంబీ అవుతుంది. మనిషికి రెండున్నర నిమిషాల చొప్పున 1,000 మందికి 14.4 జీబీ చాలు, కాబట్టి స్థలం కోసం కుదించే అవసరమే లేదు. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా అసలు తీసుకోవద్దు. మాట అర్థమయ్యేందుకు పనికిరాని శబ్దాన్ని అది పారేస్తుంది, మనకు కావాల్సింది సరిగ్గా అదే.

ఫోన్లు మన మాట బాగా వినిపించాలని శబ్దాన్ని సరిదిద్దుతాయి. ఆండ్రాయిడ్ యాప్ రాసేవాళ్లు ఆడియో మూలంగా ‘అన్‌ప్రాసెస్డ్’ ఎంచుకోవాలి, ఆ ఫోన్‌లో అది లేకపోతే ‘వాయిస్ రికగ్నిషన్’. ఆ తర్వాత కూడా నమ్మకుండా ఇలా పరీక్షించండి. ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా పది అంకెలు లెక్కించండి. తరంగం ఎత్తు రెండుసార్లూ దాదాపు ఒకటే ఉంటే ఫోను శబ్దాన్ని తనంతట తానే పెంచి తగ్గిస్తోందన్నమాట. తర్వాత ‘ఆ’ అని పది సెకన్లు ఒకే ఎత్తున లాగండి. రెండు మూడు సెకన్ల తర్వాత శబ్దం పల్చబడితే ఫోను ఆ అచ్చును ఫ్యాను మోతలాంటి రొద అనుకుని చెరిపేస్తోంది. ఆ ఫోను ఈ పనికి వద్దు.

గదికి కర్టెన్లు, పరుపు, బట్టల బీరువా ఉంటే ప్రతిధ్వని తగ్గుతుంది. ఖాళీ టైల్స్ గది అన్నిటికన్నా చెడ్డది. ఫ్యాను ఆపండి. కానీ క్షయ అనుమానితుడు దగ్గే మూసిన గది సిబ్బందికి ప్రమాదం, ఈ రెంటి మధ్య రాజీ పడాల్సింది శబ్దమే. కిటికీలు రెండువైపులా తెరిచిన వరండా గదో, ఆరుబయట చెట్టు నీడో ఎంచుకోండి. రికార్డు చేసేవాళ్లు ఎన్95 పెట్టుకుని రోగి పక్కకు, గాలి వచ్చే వైపు నిలబడాలి. ఒక్కొక్కరి తర్వాత ఫోనును, స్టాండును 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. రోగికి మాస్కు ఉంచుతారో తీస్తారో ముందే నిర్ణయించి అందరికీ అదే పాటించండి. మాస్కు ఎక్కువ పౌనఃపున్యాలను (సన్నని, కీచు శబ్దాలను) మింగేస్తుంది కాబట్టి కొందరికి ఉండి కొందరికి లేకపోతే యంత్రం మాస్కునే నేర్చుకుంటుంది.

రికార్డింగు వరుస

ఫోనును స్టాండుకు బిగించి, నోటికి 30 సెంటీమీటర్ల దూరంలో, ఎదురుగా కాకుండా 45 డిగ్రీలు పక్కకు పెట్టండి. ఎదురుగా ఉంటే గాలి మైకును నేరుగా కొట్టి బుస్సుమంటుంది. స్టాండుకు 30 సెంటీమీటర్ల దారం కట్టి, ప్రతిసారీ గడ్డం దాకా లాగి చూసుకోండి. దూరం సగమైతే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది, కంటి అంచనా చాలదు.

1. గది శబ్దం 10 సెకన్లు. ఎవరూ మాట్లాడకూడదు. ఇది దండగ అనిపించి చాలామంది వదిలేస్తారు. దీని ఉపయోగం ముందు ముందు తెలుస్తుంది.
2. నోటితో 5 నిండు ఊపిరులు.
3. ‘ఆ’ అని ఒక్క ఊపిరిలో వీలైనంతసేపు, మూడుసార్లు. మధ్యలో అర నిమిషం విశ్రాంతి. మూడింటిలో పొడవైన సమయం తీసుకోండి.
4. ఒకటి నుంచి ఇరవై దాకా మామూలు వేగంతో లెక్కింపు.
5. దగ్గు, ఒక్కో విడతకు మూడు చొప్పున రెండు విడతలు.

దగ్గును చివర పెట్టడానికి కారణముంది. ముందే దగ్గిస్తే గొంతు గీరుకుపోయి అచ్చులు చెడతాయి.

చెప్పే మాట కూడా అందరికీ ఒకటే ఉండాలి: “అమ్మా, గుండెనిండా గాలి పీల్చుకుని మూడుసార్లు గట్టిగా దగ్గండి. చెయ్యి అడ్డం పెట్టుకోకండి.” చాలామంది మొహమాటపడి గొంతు సవరించుకుని ఊరుకుంటారు. అది దగ్గు కాదు, మళ్లీ చేయించండి. ఈమధ్యే పొట్టకో కంటికో ఆపరేషన్ అయినవాళ్లను, రక్తం పడుతున్నవాళ్లను, ఛాతీలోకి గాలి చేరిందన్న అనుమానం ఉన్నవాళ్లను, ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లను బలవంతంగా దగ్గించొద్దు. వాళ్లకు పై వరుసలో నాలుగోదైన లెక్కింపుతో ఆపేయండి.

పేరా చదివించడం కాకుండా లెక్కింపే ఎందుకంటే, చదువు రాని రోగి పేరా దగ్గర తడబడతాడు. ఆ తడబాటు ఆయాసంలాగే కనిపిస్తుంది, పేదరికమూ క్షయా కలిసే తిరుగుతాయి కాబట్టి యంత్రం చదువునే జబ్బు అనుకుంటుంది. లెక్కింపులోనూ జాగ్రత్త కావాలి. కొందరు తెలుగులో మొదలుపెట్టి పది దాటగానే ఇంగ్లీషులోకి జారతారు. పాతబస్తీలో ఉర్దూలో లెక్కపెడతారు. ఏజెన్సీ గ్రామాల్లో ఇంటి భాష వేరు. ఎవరికి అలవాటైన భాషలో వాళ్లను చెప్పనిచ్చి, ఆ భాష రాసుకోండి. ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కించగలరన్న పరీక్షకు ఇంగ్లీషు పుస్తకాల్లో ఉన్న హద్దులను తెలుగుకు వాడొద్దు. ‘పద్దెనిమిది’, ‘ఇరవై ఏడు’ పలకడానికి పట్టే సమయం వేరు.

ప్రతి రికార్డింగు అయిన వెంటనే ఇయర్‌ఫోన్‌తో వినండి, తరంగం చూడండి. దగ్గు శిఖరం పూర్తి స్కేలుకు (ఫోను పట్టగల గరిష్ఠ ఎత్తుకు) 6 డెసిబెల్స్ కింద, అంటే సగం ఎత్తు దగ్గర ఉండాలి. పైన కత్తెరతో కోసినట్టు చదునుగా ఉంటే శబ్దం చిట్లినట్టు. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగు చేయలేదు. ఎక్కువమందికి చిట్లుతుంటే అందరికీ దూరం 45 సెంటీమీటర్లు చేసి మొదటినుంచీ తీయాలి. రోగి వెళ్లిపోయాక చూసుకుంటే లాభం లేదు.

శబ్దం నుంచి అంకెలకు

అసలు ఫైళ్లు అలాగే దాచి, నకళ్లను 16 కిలోహెర్ట్జ్‌కు తగ్గించండి. దగ్గులను విడగొట్టడానికి 25 మిల్లీసెకన్ల ముక్కల్లో శక్తి లెక్కించి, గది శబ్దం కన్నా బాగా పైకి లేచినచోట మొదలు, పడినచోట చివర అని గుర్తు పెట్టి, రెండువైపులా 0.2 సెకన్లు అదనంగా ఉంచి కోయండి. తలుపు చప్పుడు, తుమ్ము కూడా ఇందులో దొరికిపోతాయి. అందుకే ఇద్దరు మనుషులు విడివిడిగా విని ‘దగ్గు, కాదు’ అని గుర్తించాలి. అంతేగాని శబ్దం విని జబ్బు పేరు రాయమని డాక్టర్లను అడగొద్దు. స్విట్జర్లాండ్ ‘కఫ్‌విడ్’ సేకరణలో అనుభవమున్న వైద్యులు అలా గుర్తిస్తే వాళ్లలో వాళ్లకే పెద్దగా పొంతన కుదరలేదు.

కొన్ని వందల మంది రోగులతో డీప్ లెర్నింగ్‌ను మొదటినుంచీ నేర్పడం వృథా. రెండు దారులు సరిపోతాయి. మొదటిది ఓపెన్‌స్మైల్ అనే సాఫ్ట్‌వేర్‌లోని ఈజెమ్యాప్స్ అనే గొంతు కొలతలు. అవి 88 మాత్రమే, ఏది దేన్ని చెబుతుందో డాక్టరుకు వివరించొచ్చు. మాటకు, అచ్చుకు ఇవి బాగుంటాయి. రెండోది, దగ్గుకు, గూగుల్ వారి ‘హియర్’ మోడల్. 30 కోట్లకు పైగా శబ్దపు ముక్కలతో ముందే నేర్పిన ఈ మోడల్‌కు 2 సెకన్ల ముక్క ఇస్తే 512 అంకెలు ఇస్తుంది. ఆ అంకెల మీద లాజిస్టిక్ రిగ్రెషన్ (అంకెలనుంచి అవునా కాదా అన్న అవకాశాన్ని లెక్కించే సాదా పద్ధతి) నడిపితే చాలు. దానికన్నా పెద్ద మోడల్ దీన్ని స్పష్టంగా దాటిందని చూపగలిగితేనే వాడండి.

యంత్రం దేన్ని వింటోందో పట్టుకోవడం

శిక్షణకూ పరీక్షకూ రికార్డింగుల విభజన దగ్గుల వారీగా కాకుండా మనుషుల వారీగా చేయాలి. ఒకే మనిషి ఆరు దగ్గుల్లో నాలుగు శిక్షణలో, రెండు పరీక్షలో పడితే యంత్రం ఆ మనిషిని గుర్తుపడుతుంది, అంతే. ఐదు భాగాలుగా పంచండి, ఒక మనిషి మొత్తం ఒకే భాగంలో ఉండాలి. దానికి మించి, ఒక ఆసుపత్రిని పూర్తిగా పక్కనపెట్టి చివర్లో ఒకే ఒక్కసారి పరీక్షించండి. కటాఫ్ (ఎంత స్కోరు దాటితే అనుమానితుడో చెప్పే గీత) అంతకుముందే ఖరారు కావాలి.

మొదట్లో తీసిన 10 సెకన్ల గది శబ్దాన్ని ఇప్పుడు బయటికి తీయండి. దగ్గులు తీసేసి, ఒక్క నిశ్శబ్దంతోనే మోడల్ నేర్పండి. ఏయూసీ 0.5 దగ్గర ఉండాలి. 0.65 వస్తే మీ రోగుల గదీ, రోగులు కానివారి గదీ వేరన్నమాట, లేదా ఫోను వేరు, లేదా రికార్డు చేసిన వేళ వేరు. ఆ తేడాను వెతికి సరిచేసేదాకా దగ్గు ఫలితాన్ని ఎవరికీ చూపొద్దు. మా దృష్టిలో ఈ పని మొత్తంలో అన్నిటికన్నా విలువైన పరీక్ష ఇదే, ఖర్చేమో మనిషికి పది సెకన్లు.

ఆ తర్వాత శబ్దం లేకుండా, ప్రశ్నాపత్రంతోనే ఇంకో మోడల్ చేయండి. శబ్దం జోడించాక అది ఎంత మెరుగైందన్నదే మీ అసలు ఫలితం. భారత్‌తో సహా 7 దేశాల్లో 2,143 మంది దగ్గులతో జరిగిన ‘కోడా టీబీ’ పోటీలో ఒక్క దగ్గుతో చేసిన మోడళ్లలో మంచివి ఏయూసీ 0.74 దగ్గర ఆగాయి. లక్షణాలు, వయసు వంటివి కలిపితే 0.83కు చేరాయి. మీకు ఒక్క దగ్గుతోనే 0.95 వస్తే సంబరపడకుండా తప్పు ఎక్కడుందో వెతకండి.

అంకె నుంచి రోగి దాకా

క్షయ అనుమానితులను ముందుగా ఏరే పరీక్షకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో పెట్టిన కనీస హద్దు ఇది: రోగుల్లో 90 శాతాన్ని పట్టాలి, జబ్బు లేనివాళ్లలో 70 శాతాన్ని సరిగా వదిలేయాలి. మీరు సరిగ్గా ఆ హద్దును అందుకున్నారనుకుందాం. ఓపీలో దగ్గుతో వచ్చిన 1,000 మందిలో 100 మంది రోగులుంటే 90 మంది దొరుకుతారు, మరో 270 మంది ఊరకనే తెమడ పరీక్షకు వెళతారు. నాలుగు పరీక్షలకు ఒక రోగి, ప్రయోగశాల భరించగలదు. అదే పరికరాన్ని ఇంటింటి సర్వేకు తీసుకెళ్లి, 10,000 మందిలో 100 మందే రోగులున్నచోట వాడితే 90 మంది కోసం 2,970 మందిని ఉత్తినే పరీక్షకు పంపాలి. ముప్పై నాలుగు పరీక్షలకు ఒక రోగి. పరికరం మారలేదు, చోటు మారింది. ఎక్కడ వాడాలో ఈ లెక్క చూసుకున్నాకే ఆశా కార్యకర్తల చేతికి ఇవ్వండి.

ఫోను తెరమీద ‘క్షయ ఉంది’, ‘క్షయ లేదు’ అన్న మాటలు రాకూడదు. రెండే ఫలితాలు పెట్టండి. ఒకటి, “తెమడ పరీక్ష ఈరోజే చేయించాలి.” రెండోది, “శబ్దంలో అనుమానం కనిపించలేదు. దగ్గు 2 వారాలు దాటినా, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, తెమడలో రక్తం, వీటిలో ఏది ఉన్నా పరీక్ష తప్పనిసరి.” రికార్డింగు చిట్లినా, గది రొద ఎక్కువైనా మూడో తెర రావాలి: “శబ్దం సరిగా పడలేదు, మళ్లీ తీయండి.” మూడోసారీ అదే వస్తే ఆ మనిషిని నేరుగా తెమడ పరీక్షకు పంపేలా యాప్‌లో రాయండి.